పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: తొలి కంప్యూటరు కూర్చేటప్పుడు విడిభాగాలు ఎందుకు పాడవుతాయి?

విడిభాగాలు కొని తెచ్చుకుని, మొదటిసారి సొంతంగా కంప్యూటరు కూర్చబోయి ఏదో ఒక భాగాన్ని పాడుచేసుకున్నవారి ఉత్తరాలు కొంతకాలంగా ఈ శీర్షికకు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో పదిమందికీ పనికివచ్చే కొన్ని ప్రశ్నలను ఏరి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను కూర్చిన కంప్యూటరు ఆన్ అయింది గాని, రెండు ర్యాములు పెడితే ఒక్కటే కనిపిస్తోంది. సాకెట్‌లో పిన్నులు వంగాయనీ, దానికి వారంటీ వర్తించదనీ సర్వీసు కేంద్రం వారు చెప్పారు. నేను ఆ పిన్నులను వేలితో తాకనే లేదు. మరి అవి ఎలా వంగాయి?

జవాబు: తాకకపోయినా వంగుతాయి. చాలామందికి అలాగే వంగుతాయి కూడా, కాబట్టి మీరు చెప్పింది నమ్మదగినదే. ఒకప్పుడు పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉండేవి. ఇంటెల్ సంస్థ 2004లో డెస్క్‌టాప్ ప్రాసెసర్ల విషయంలో వాటిని మదర్‌బోర్డు మీది సాకెట్‌లోకి మార్చింది. ఏఎమ్‌డీ సంస్థ ఏఎమ్4 సాకెట్ వరకు తన డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు పిన్నులను (ఏఎమ్4లో 1331) అడుగునే ఉంచి, 2022లో ఏఎమ్5తో వాటిని సాకెట్‌లోకి తెచ్చింది. ఏఎమ్5 సాకెట్‌లో 1718 పిన్నులు, ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో పేరులో ఉన్నట్టే 1700 పిన్నులు ఉంటాయి. వీటిలో ప్రతి ఒక్కటీ ఏటవాలుగా నిలబడిన సన్నని స్ప్రింగు వంటిది. పైనుంచి సమంగా నొక్కితే అది వంగి మళ్ళీ లేస్తుంది. పక్కనుంచి ఏ కొంచెం తగిలినా ఒరిగిపోతుంది, మరి లేవదు.

ప్రాసెసర్‌ను సాకెట్‌లో పెట్టేటప్పుడు, రెండింటి మూలల్లోనూ ఉండే త్రికోణపు గుర్తు సరిపోలేదని దానిని ఎత్తకుండా అక్కడికక్కడే కాస్త జరిపి సరిచేశారా? ఆ జరిపిన రెండు మూడు మిల్లీమీటర్లలో ప్రాసెసర్ అంచు ఒక వరుస పిన్నులను ఈడ్చేసి ఉంటుంది. లేదా ఒక మూల ముందుగా ఆనించి, మిగతా భాగాన్ని వేళ్ళనుంచి జారవిడిచి ఉంటారు. సాకెట్‌పై ఉండే ప్లాస్టిక్ మూతను ముందే తీసేసి, మళ్ళీ పెట్టబోయినప్పుడు అది చేజారి పిన్నుల మీద పడటం మూడో కారణం. ఆ మూతను విడిగా తీయవలసిన అవసరమే లేదు. ప్రాసెసర్‌ను కూర్చోబెట్టి, పైనున్న లోహపు చట్రాన్ని దించి మీట వేస్తే మూత దానంతట అదే పైకి ఊడివస్తుంది. దానిని పారవేయకుండా దాచుకోండి. బోర్డును మరమ్మతుకు పంపేటప్పుడు సాకెట్‌పై ఆ మూత ఉండాలని తయారీదారులు అడుగుతారు.

ప్రాసెసర్‌ను అమర్చడానికి బలం అక్కరలేదు. రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని, మట్టంగా దించి, వదిలేయాలి. కాని ఆ వెంటనే చేసే పని, అంటే మీటను నొక్కి కొక్కెం కింద తగిలించడం, దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానికి బాగానే బలం కావాలి, నొక్కుతుంటే కిరకిరమని శబ్దం కూడా వస్తుంది. కొత్తవారు ఆ శబ్దానికి భయపడి మీటను సగంలో ఆపి, ప్రాసెసర్‌ను తీసి చూసి, మళ్ళీ పెడతారు. పిన్నులు వంగేది చాలాసార్లు ఆ రెండో, మూడో ప్రయత్నంలోనే. త్రికోణపు గుర్తులు ఒకే మూలలో ఉండి, పక్కనున్న గాళ్ళు కలిశాయని నిర్ధారించుకున్నాక ఆ శబ్దాన్ని పట్టించుకోనక్కరలేదు.

ఒక ర్యాము మాత్రమే కనిపించడానికి కారణం చెప్పాలంటే, ఇప్పటి ప్రాసెసర్లలో ర్యామును నడిపే భాగం ప్రాసెసర్ లోపలే ఉంటుంది. అందువల్ల ప్రాసెసర్‌నూ ర్యామునూ కలిపే రెండు దారుల్లో (చానెళ్ళలో) ఒకదానికి చెందిన పిన్ను వంగితే ఆ చానెల్ మొత్తం మూగబోతుంది. ర్యాము చెడిపోయిందని అనుకుని దానిని మార్చి కొన్నవారు కూడా ఉన్నారు. ఇక ముందు ఏ బోర్డు కొన్నా ప్రాసెసర్ పెట్టకముందే లోహపు చట్రాన్ని ఎత్తి, టార్చి వెలుగును పక్కనుంచి వేసి సాకెట్‌ను చూడండి. పిన్నుల కొసలన్నీ నేతలోని దారాల్లా వరుసగా మెరుస్తాయి. వంగిన పిన్ను ఉన్నచోట ఆ వరుస తెగినట్టు కనిపిస్తుంది. అప్పుడే ఒక ఫొటో తీసి పెట్టుకుంటే, లోపం ముందునుంచే ఉందా లేదా అనే వాదన వచ్చినప్పుడు పనికివస్తుంది. ఇప్పుడు వంగిన పిన్నును భూతద్దం కింద సన్నని సూదితో లేపడం సాధ్యమే గాని, ఒకటి రెండు సార్లు వంచితే అది విరిగిపోతుంది. అందువల్ల చిప్ స్థాయి మరమ్మతులు చేసేవారికి అప్పగించడం మేలు.

ప్రశ్న: పవర్ సప్లయి పాతబడిందని ఎక్కువ వాట్ల కొత్తది కొన్నాను. పాత కేబుళ్ళు క్యాబినెట్ వెనుక చక్కగా కట్టి ఉన్నాయి కదా అని వాటిని కదపకుండా, పవర్ సప్లయిని మాత్రం మార్చి, అవే కేబుళ్ళను దానికి తగిలించాను. అన్నీ సరిగ్గా పట్టాయి. ఆన్ చేయగానే రెండు హార్డ్‌డిస్కులూ పోయాయి. కొత్త పవర్ సప్లయిలో లోపమా?

జవాబు: పవర్ సప్లయిలో లోపం ఉండకపోవచ్చు. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువ బాధపెట్టినది మీదే. ఎందుకంటే మీరు నిర్లక్ష్యంగా ఏమీ చేయలేదు, చక్కగా ఉన్న అమరికను చెడగొట్టకూడదని అనుకున్నారు, అంతే.

కేబుళ్ళు విడిగా ఊడివచ్చే పవర్ సప్లయిలో ప్రతి కేబుల్‌కూ రెండు కొసలు ఉంటాయి. మదర్‌బోర్డుకో డిస్కుకో తగిలే కొసలో ఏ రంధ్రంలో ఎన్ని వోల్టులు రావాలో అందరు తయారీదారులూ పాటించే ప్రమాణం ఉంది. పవర్ సప్లయికి తగిలే రెండో కొసకు అటువంటి ప్రమాణం లేదు. ఒక తయారీదారు 12 వోల్టులు ఇచ్చే రంధ్రంలో మరొకరు 5 వోల్టులు ఇవ్వవచ్చు, ఇంకొకరు ఎర్తింగ్ పెట్టవచ్చు. ఒకే సంస్థ తయారుచేసిన రెండు మోడళ్ళ మధ్య కూడా ఈ తేడా ఉండవచ్చు. కాని కనెక్టర్ల ఆకారం చాలావరకు ఒకటే కావడంతో తప్పు కేబుల్ కూడా చక్కగా పట్టి, క్లిక్‌మని బిగుసుకుంటుంది. కంప్యూటరులో చాలాచోట్ల తప్పుగా పెట్టబోతే ఆకారమే అడ్డుపడుతుంది. ఆ రక్షణ లేని కొద్దిచోట్లలో అత్యంత ప్రమాదకరమైనది ఇదే. మీ డిస్కుల్లో 5 వోల్టులు రావలసిన తీగ గుండా బహుశా 12 వోల్టులు వచ్చి ఉంటాయి.

డిస్కులను మాత్రం అప్పుడే పారవేయకండి. సమాచారం ఉండేది లోపలి పళ్ళాల మీద, దెబ్బతిన్నది చాలావరకు అడుగున ఉండే చిన్న సర్క్యూట్ బోర్డు. ఎక్కువ వోల్టేజి వచ్చినప్పుడు తానే షార్టయి మిగతా భాగాలను కాపాడే డయోడ్లు ఆ బోర్డు మీద ఉంటాయి. అవి మాత్రమే పోయినట్టయితే, సమాచారాన్ని తిరిగి తీసేవారు వాటిని తొలగించి డిస్కును మళ్ళీ పలికించగలుగుతారు. అదే మోడల్ డిస్కు మరొకటి కొని దాని బోర్డును మీరే తెచ్చి బిగించే ప్రయత్నం చేయకండి. ప్రతి డిస్కుకూ ప్రత్యేకమైన సర్దుబాటు వివరాలు ఆ బోర్డు మీది చిన్న మెమరీ చిప్‌లో ఉంటాయి. దానిని కూడా మార్చి అతికించకపోతే ఆధునిక డిస్కులు సాధారణంగా పనిచేయవు.

ఇకమీదట పవర్ సప్లయిని మారిస్తే దానితో వచ్చిన కేబుళ్ళనే వాడాలి, ఎంత శ్రమ అయినా పాతవన్నీ తీసివేయాలి. తీసిన వాటిని పాత పవర్ సప్లయితో కలిపి ఒకే సంచిలో కట్టి, దానిపై మోడల్ పేరు రాసి ఉంచండి. పెట్టె అడుగున విడిగా పడి ఉన్న నల్లని కేబుల్ రెండేళ్ళ తర్వాత దేనిదో ఎవరికీ గుర్తుండదు. ఇదివరకు తీగలకు పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3 వోల్టులు, నలుపు ఎర్తింగ్ అని రంగులు ఉండేవి. ఇప్పటి కేబుళ్ళలో అన్ని తీగలూ నల్లగానే ఉండటంతో ఆ గుర్తు కూడా పోయింది.

ప్రశ్న: బోర్డును అట్టపెట్టె మీద పెట్టి పరీక్షిస్తే బాగా నడిచింది. క్యాబినెట్‌లో బిగించాక బటన్ నొక్కితే ఫ్యాన్లు ఒక్క క్షణం తిరిగి ఆగిపోతున్నాయి. బోర్డు చెడిపోయిందా?

జవాబు: బహుశా చెడలేదు. ముందు బయట పెట్టి పరీక్షించడం మీరు చేసిన మంచి పని. దానివల్లనే తప్పు ఎక్కడుందో తెలుస్తోంది. బోర్డుకూ క్యాబినెట్ రేకుకూ మధ్య ఎడం ఉంచే ఇత్తడి స్టాండాఫ్‌లను లెక్కపెట్టండి. మామూలు ఏటీఎక్స్ బోర్డుకు సాధారణంగా 9 రంధ్రాలు ఉంటాయి, చిన్న బోర్డులకు అంతకన్నా తక్కువ. క్యాబినెట్‌లో ముందుగానే పెద్ద బోర్డుకు తగ్గట్టు స్టాండాఫ్‌లు బిగించి ఉండి, మీరు చిన్న బోర్డు పెట్టినట్టయితే, రంధ్రం లేనిచోట ఒక స్టాండాఫ్ బోర్డు వెనుక టంకం చుక్కలను తాకుతూ ఉంటుంది. షార్ట్ సర్క్యూట్‌ను పవర్ సప్లయి పసిగట్టి వెంటనే ఆగిపోతోంది కాబట్టే బోర్డు ఇంతవరకు బతికి ఉంది. మళ్ళీ మళ్ళీ బటన్ నొక్కి పరీక్షించకండి. బోర్డును బయటకు తీసి, దాని రంధ్రాలకు ఎదురుగా లేని స్టాండాఫ్‌లన్నీ తీసివేయండి. జారిపడిన స్క్రూ ఏదైనా బోర్డు వెనుక చిక్కిందేమో కూడా చూడండి.

ప్రశ్న: కొన్ని కనెక్టర్లు ఎంత నొక్కినా లోపలికి వెళ్ళవు. ఎంతవరకు బలం వాడవచ్చో తెలిసేదెలా?

జవాబు: చాలా మంచి ప్రశ్న, కాని దీనికి ఒక్క కొలత లేదు. ర్యామును గాడిలో పెట్టాక రెండు కొసల మీద బొటనవేళ్ళతో బాగా నొక్కాలి, బోర్డు కొంచెం వంగుతున్నట్టు కూడా అనిపిస్తుంది. బోర్డుకు ప్రధానంగా విద్యుత్తును ఇచ్చే 24 పిన్నుల కనెక్టర్ కూడా అంతే. అయితే నొక్కడానికి ముందు, బలం లేకుండానే అది తన చోట కుదురుగా నిలిచిందా అని చూడండి. డీడీఆర్4, దాని తర్వాతి తరమైన డీడీఆర్5 ర్యాములు రెండింటికీ 288 పిన్నులే అయినా మధ్యలోని గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది. గాడి కలవకపోతే ర్యాము ఒకవైపుకు ఒరుగుతూ ఉంటుంది. అప్పుడు నొక్కితే స్లాటు విరుగుతుంది.

బలం వల్ల ఎక్కువ నష్టం జరిగేది రెండు రకాల 8 పిన్నుల కనెక్టర్ల దగ్గర. ఒకటి ప్రాసెసర్‌కు, రెండోది గ్రాఫిక్స్ కార్డుకు విద్యుత్తును ఇచ్చేవి. చూపుకు కవలల్లా ఉన్నా, ఒకదానిలో 12 వోల్టులు ఉన్న వరుసలో రెండోదానికి ఎర్తింగ్ ఉంటుంది. గదుల ఆకారంలో కొద్ది తేడా ఉండటం వల్ల మామూలుగా పట్టవు గాని, గట్టిగా తోస్తే ప్లాస్టిక్ లొంగిపోతుంది. గుర్తుపట్టడం తేలికే: ప్రాసెసర్‌ది విడిపోతే 4, 4గా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుది 6, 2గా విడిపోతుంది.

కొన్ని కొత్త గ్రాఫిక్స్ కార్డులకు వచ్చే 16 పిన్నుల కనెక్టర్ విషయంలో దీనికి తలకిందులుగా, బలం చాలకపోవడమే ప్రమాదం. దాని గుండా 600 వాట్ల వరకు వెళ్ళవచ్చు. 12 వోల్టుల దగ్గర అది 50 యాంపియర్లు, ఆరు తీగల మీద పంచితే ఒక్కొక్క దానికి 8 యాంపియర్లకు పైగా పడుతుంది. కనెక్టర్ పూర్తిగా లోపలికి వెళ్ళకపోతే లోహం లోహాన్ని కొద్దిగానే తాకుతుంది, అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. 2022లో ఇటువంటి కేసులు వెలుగుచూశాక, 2023లో ఈ కనెక్టర్‌ను సవరించి, సరిగ్గా పట్టకపోతే కార్డు విద్యుత్తు తీసుకోకుండా ఉండేలా, కనెక్టర్ పట్టిందో లేదో పసిగట్టే చిన్న పిన్నుల పొడవు తగ్గించారు. అయినా రెండు భాగాల మధ్య సందు కనిపించకుండా నొక్కి, క్యాబినెట్ తలుపు నెట్టి కనెక్టర్ మొదట్లోనే కేబుల్ మడత పడకుండా చూసుకోవాలి.

ముందువైపు యూఎస్‌బీ 3 కేబుల్ తగిలే 19 పిన్నుల చోట మాత్రం బలం అసలు వద్దు. ఆ కేబుల్ లావుగా, బిరుసుగా ఉండి పక్కకు లాగుతుంది, దానితో పిన్నులు వంగుతాయి. కేబుల్‌ను ముందే తగిన వైపుకు వంచుకుని, ఆ తర్వాత తిన్నగా దించాలి.

ప్రశ్న: రంగు దీపాల పట్టీ ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. కారణం?

జవాబు: 3 పిన్నులు ఉన్న 5 వోల్టుల పట్టీని 4 పిన్నులు ఉన్న 12 వోల్టుల చోట పెట్టి ఉంటారు. 5 వోల్టుల దానిలో ఒక పిన్ను చోటు ఖాళీగా వదిలి ఉండటం వల్ల రెండూ ఒకే వెడల్పులో ఉంటాయి. పట్టీ మళ్ళీ వెలగదు. బోర్డు బాగానే ఉండవచ్చు, కాని ఆ చోట కొత్త పట్టీ పెట్టే ముందు బోర్డు మీద ముద్రించిన వోల్టేజి చూడండి.

ప్రశ్న: స్థిర విద్యుత్తు వల్ల చేయి తగిలితే చాలు చిప్పులు కాలిపోతాయని మిత్రుడు భయపెడుతున్నాడు. మణికట్టు పట్టీ లేకుండా పని మొదలుపెట్టకూడదా?

జవాబు: అపాయం నిజమైనదే. సుమారు 3000 వోల్టులు దాటితే గాని స్థిర విద్యుత్తు ఒంటికి చురుక్కుమనదు. కొన్ని చిప్పులు అందులో పదో వంతుకు కూడా దెబ్బతినగలవు, అంటే మనకు తెలియకుండానే నష్టం జరగవచ్చు. గాలి పొడిగా ఉన్నప్పుడూ, తివాచీ మీద నడిచినప్పుడూ ఈ భయం ఎక్కువ. పట్టీ ఉంటే మంచిదే, కాని తీగతో సొంతంగా చేసుకోకండి. అసలు పట్టీలో మనిషికి షాకు తగలకుండా ఒక మెగాఓము రెసిస్టరు ఉంటుంది. పట్టీ లేకపోతే, ప్రతి భాగాన్ని సంచినుంచి తీసే ముందు క్యాబినెట్‌లో రంగు వేయని లోహాన్ని తాకండి, బోర్డులను అంచులతో పట్టుకోండి. మెరిసే యాంటీస్టాటిక్ సంచి పైపొర కొంతవరకు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, కాబట్టి దాని మీద బోర్డును పెట్టి ఆన్ చేయకండి. అందుకు పొడి అట్టపెట్టె చాలు.

నా అనుభవంలో స్థిర విద్యుత్తు వల్ల పోయినవాటికన్నా, ఆ భయంతో చేతులు వణికి జారవిడిచినవే ఎక్కువ. దానికన్నా ముందు పట్టించుకోవలసింది పవర్ సప్లయి వెనుక స్విచ్చు. కంప్యూటరు ఆఫ్‌లో ఉన్నా ఆ స్విచ్చు వేసి ఉన్నంతసేపూ బోర్డులో 5 వోల్టుల సరఫరా ఉంటూనే ఉంటుంది. స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టి, బోర్డు మీది చిన్న దీపం ఆరిందని చూసుకున్నాకే ర్యామునో కార్డునో తీయండి. పవర్ సప్లయి పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పకండి. అందులోని కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. అక్కడ దెబ్బతినేది విడిభాగం కాదు, మనిషి.

ప్రశ్న: ప్రాసెసర్‌కూ, దానిని చల్లబరిచే కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎక్కువై పక్కలకు కారింది. ప్రాసెసర్ పాడవుతుందా?

జవాబు: మామూలు పేస్టు విద్యుత్తును ప్రసరింపజేయదు, తుడిస్తే సరిపోతుంది. సాకెట్‌లోకి దిగి ఉంటే మాత్రం గుడ్డతో రుద్దకండి, దాని పోగులు పిన్నులను లాగేస్తాయి. ద్రవలోహం అనే పేరుతో అమ్మేది వాడి ఉంటే సంగతి వేరు. అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, అందులోని గాలియం అల్యూమినియం హీట్‌సింకును తినేస్తుంది. మొదటి కంప్యూటరుకు దానిని వాడవద్దు. కూలర్ అడుగున అంటించి ఉండే పల్చని ప్లాస్టిక్ పొరను తీశారా అన్నది పేస్టు ఎంత వేశారన్న దానికన్నా ముఖ్యం.

ఏఎమ్4 ప్రాసెసర్ వాడేవారు ఒక జాగ్రత్త అదనంగా తీసుకోవాలి. ఎండిన పేస్టు జిగురులా పట్టుకుని, కూలర్‌ను పైకి లాగితే ప్రాసెసర్ కూడా మీట వేసి ఉండగానే ఊడివస్తుంది, పిన్నులు వంగుతాయి. నా తొలి రోజుల్లో ఒక ప్రాసెసర్‌ను ఇలాగే ఊడబెరికి, ఆ సాయంత్రమంతా పిన్నులు సరిచేస్తూ కూర్చున్నాను. కంప్యూటరును కొంతసేపు నడిపి, పేస్టు వెచ్చబడ్డాక ఆపి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి, పట్టు వదిలిన తర్వాతే ఎత్తాలి.

ప్రశ్న: అన్నీ సరిగ్గా బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని తెర నల్లగా ఉంది. నాలుగైదుసార్లు ఆపి మళ్ళీ వేశాను. ఏదో కాలిపోయిందని భయంగా ఉంది.

జవాబు: ఏమీ విప్పకండి. డీడీఆర్5 ర్యాముతో మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ర్యాముతో ఏ వేగంలో, ఏ లయలో మాట్లాడాలో బోర్డు పరీక్షించి నేర్చుకుంటుంది. అంతవరకు తెర నల్లగానే ఉంటుంది. ర్యాము ఎక్కువైతే దీనికి చాలా నిమిషాలు పట్టవచ్చు, మధ్యలో కంప్యూటరు తనంతట తానే ఆగి మళ్ళీ మొదలుకావచ్చు. మీరు ఆపిన ప్రతిసారీ అది మొదటినుంచి ప్రారంభించవలసి వస్తుంది. దీనివల్ల సాధారణంగా భాగాలకు హాని జరగదు గాని, ఇదే అలవాటుగా బయోస్ (బోర్డును మేల్కొలిపే ప్రోగ్రాము) అప్‌డేట్ జరుగుతున్నప్పుడు కరెంటు ఆపితే బోర్డు నిజంగానే మూగబోతుంది.

మానిటర్ కేబుల్‌ను బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకు తగిలించారని చూసుకుని, ఒకసారి ఆన్ చేసి పావుగంట వదిలేయండి. అప్పటికీ తెర వెలగకపోతే, బోర్డు అంచున ప్రాసెసర్, ర్యాము, గ్రాఫిక్స్, బూట్ అని గుర్తులున్న చిన్న దీపాల్లో ఏది వెలిగి నిలిచిందో రాసి పంపండి. అది ర్యాము దీపమైతే, ప్లగ్గు తీశాక ఒక్క ర్యామును మాత్రమే, ప్రాసెసర్ వైపునుంచి లెక్కిస్తే రెండో స్లాటులో ఉంచి ప్రయత్నించిన ఫలితం కూడా రాయండి.